వరి, జొన్న, మొక్కజొన్న, గోధుమల్లో జన్యుమార్పిడి, జన్యు సవరణ: తరచుగా అడిగే ప్రశ్నలు

వ్యవసాయ బయోటెక్నాలజీ విద్యార్థులు, ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లు, విత్తన రంగంలో ఉన్నవాళ్లు, విషయం తెలుసుకోవాలనుకునే రైతులు ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి. ల్యాబ్ వివరాలకు వరినే ఉదాహరణగా తీసుకున్నాం. గడ్డి జాతి పంటల్లో దానిమీదే పని ఎక్కువ జరిగింది.

మార్కర్లతో చేసే సంకరం, జన్యుమార్పిడి, జన్యు సవరణ మూడూ ఒకటేనా?

కాదు. మూడింటికీ మన ఎరుకలోని వరి రకాలతోనే తేడా చెప్పవచ్చు.

బాపట్ల నుంచి 1986లో వచ్చిన సాంబ మసూరి (బీపీటీ 5204)కి బాక్టీరియా ఎండాకు తెగులు బెడద ఎక్కువ. హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంస్థ, సీసీఎంబీ కలిసి ఎక్స్‌ఏ21, ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ5 అనే మూడు నిరోధక జన్యువులను మామూలు సంకరంతోనే అందులోకి తెచ్చాయి. ప్రతి తరంలో ఏ మొక్కలో ఆ జన్యువులు చేరాయో డీఎన్‌ఏ మార్కర్లతో చూసి, వాటినే ముందుకు తీసుకెళ్లాయి. 2008లో విడుదలైన ఇంప్రూవ్డ్ సాంబ మసూరి ఇదే. మార్టేరు వారి స్వర్ణకు ముంపును తట్టుకునే సబ్1 జన్యువు చేరిందీ ఇదే దారిలో. వీటిని జీఎం (జన్యుమార్పిడి) పంటలు అనకూడదు.

జన్యుమార్పిడిలో బయటి జన్యువును నేరుగా కణంలోకి పంపుతారు. గోల్డెన్ రైస్‌లో ఒక జన్యువు మొక్కజొన్నది, ఇంకొకటి బాక్టీరియాది. సంకరంతో ఇవి వరిలోకి వచ్చే అవకాశమే లేదు.

జన్యు సవరణలో మొక్కకు ఉన్న జన్యువులోనే ఒకచోట కోత పెడతారు. కోసేది క్యాస్9 అనే ప్రోటీన్, ఎక్కడ కోయాలో దానికి చూపేది గైడ్ ఆర్ఎన్ఏ. కణం ఆ కోతను అతుక్కునేటప్పుడు ఒకటో రెండో అక్షరాలు పోతాయి, లేదా చేరతాయి. 2025 మేలో ప్రకటించిన ‘కమల’ వరి ఈ కోవలోది.

గడ్డి జాతి మొక్కలు ఎందుకింత మొండికేస్తాయి?

పొగాకు ఆకును ముక్కలు కోసి మీడియం (పోషకాలు కలిపిన పదార్థం) మీద పెడితే, కోసిన అంచు నుంచే కణాలు విభజన మొదలుపెట్టి మొలకలు వేస్తాయి. వరి, జొన్న ఆకుల్లో అలా జరగదు. ముదిరిన ఆకు కణం విభజన శక్తిని దాదాపుగా వదిలేసుకుంటుంది. గాయమైతే ఎండిపోతుందే తప్ప కొత్త కణాలను పుట్టించదు. పైగా జన్యువును మొక్క కణంలోకి చేరవేయడానికి వాడే అగ్రోబాక్టీరియం సహజంగా ద్విదళ బీజ మొక్కలను ఆశించే సూక్ష్మజీవి. అందుకే ఏకదళ బీజాల్లో అది పనిచేయదనే అభిప్రాయం చాలాకాలం ఉండేది.

దారి దొరికింది విత్తనంలోనే. పిండాన్ని ఆనుకుని ఉండే స్కుటెల్లం కణాలకు విభజన శక్తి ఇంకా ఉంటుంది. దాన్నుంచి కేలస్ (విభజిస్తూ పెరిగే కణాల ముద్ద) తెప్పించి, అసిటోసిరింగోన్ అనే రసాయనంతో బాక్టీరియాను ప్రేరేపించి, 1994లో జపాన్ శాస్త్రవేత్తలు జపోనికా వరిలో నమ్మకంగా జన్యుమార్పిడి చేసి చూపించారు. 1996లో మొక్కజొన్నకూ అదే సాధ్యమైంది.

ఇప్పటికీ అసలు ఇబ్బంది అక్కడే ఉంది. ఏ జన్యువును కోయాలో కంప్యూటర్ ముందు కూర్చుని ఒక పూటలో తేల్చుకోవచ్చు. కోసిన కణం నుంచి గింజ కట్టే మొక్కను తీసుకురావడానికి నెలలు పడుతుంది. కొత్తగా ప్రాజెక్టు రాసేవాళ్లు దీన్ని తలకిందులుగా అంచనా వేసుకుంటారు.

వరిలో అగ్రోబాక్టీరియంతో జన్యువును పంపే పద్ధతి దశలవారీగా చెప్పగలరా?

ఇక్కడిచ్చే మోతాదులు మొదలుపెట్టడానికి పనికొస్తాయి. మీ రకానికి తగ్గట్టు సవరించుకోక తప్పదు.

ముందుగా గింజలు. అదే సీజన్‌లో కోసిన, మచ్చల్లేని గింజలను చేత్తో పొట్టు తీయండి. మిల్లులో ఆడిస్తే పిండం దెబ్బతింటుంది. 70 శాతం ఆల్కహాల్‌లో ఒక నిమిషం, తర్వాత బ్లీచ్ ద్రావణంలో 20 నుంచి 30 నిమిషాలు ఉంచి, శుద్ధిచేసిన నీటితో ఐదారుసార్లు కడగాలి. 0.1 శాతం మెర్క్యూరిక్ క్లోరైడ్ కూడా వాడతారు కానీ అది విషం. వాడిన నీటిని సింకులో పారబోయకూడదు.

కేలస్ కోసం ఎన్6 లేదా ఎంఎస్ లవణాలు, లీటరుకు 30 గ్రాముల చక్కెర, కేలస్ తెప్పించే హార్మోను 2,4-డి 2 మి.గ్రా., 300 మి.గ్రా. కేసిన్ హైడ్రోలైసేట్, 500 మి.గ్రా. ప్రోలిన్, పీహెచ్ 5.8. గట్టిపడటానికి 3 నుంచి 4 గ్రాముల జెల్‌రైట్. గింజను పిండం పైకి కనిపించేలా పెట్టి, 25 నుంచి 28 డిగ్రీల దగ్గర చీకట్లో మూడు, నాలుగు వారాలు ఉంచాలి. లేత పసుపులో, పొడిపొడిగా, చిన్నచిన్న గుండ్రటి ఉండలుగా ఉన్నదే పనికొచ్చే కేలస్. తెల్లగా, నీరు పట్టి, జిగటగా ఉన్నదాన్ని మొహమాటపడకుండా పారేయండి. మంచి ఉండలను ఏరి కొత్త మీడియంపై నాలుగైదు రోజులు పెట్టాకే బాక్టీరియాకు అప్పగించాలి. చురుగ్గా విభజిస్తున్న కణాలకే జన్యువు అతుకుతుంది.

అగ్రోబాక్టీరియం రకం ఈహెచ్‌ఏ105 గానీ ఎల్‌బీఏ4404 గానీ కావచ్చు. పెంచిన కల్చర్‌ను సెంట్రిఫ్యూజ్ చేసి, 100 మైక్రోమోలార్ అసిటోసిరింగోన్ కలిపిన ద్రవ మీడియంలో తిరిగి కలపండి. ఓడీ (బాక్టీరియా సాంద్రత కొలత) ఇండికా వర్గపు వరికి 0.3 నుంచి 0.5 దాకా చాలు. కేలస్‌ను అందులో 20 నిమిషాలు ముంచి, శుద్ధిచేసిన ఫిల్టర్ కాగితంపై బాగా ఆరబెట్టాలి. సగం వైఫల్యాలకు ఈ ఆరబెట్టడంలో తొందరే కారణం. తర్వాత 25 డిగ్రీల దగ్గర చీకట్లో రెండు, మూడు రోజులు సహవాసం. గది 28 దాటిందంటే బాక్టీరియా పెరుగుతుంది కానీ జన్యువును చేరవేసే యంత్రాంగం మందగిస్తుంది. ఎండాకాలంలో ఏసీ ఆగిన రాత్రి పెట్టిన బ్యాచ్ మీద ఆశ పెట్టుకోవద్దు.

ఆపైన బాక్టీరియాను చంపే సెఫోటాక్సిమ్‌ను లీటరుకు 250 నుంచి 500 మి.గ్రా. కలిపిన నీటితో కడిగి, జన్యువు చేరని కణాలను చంపే హైగ్రోమైసిన్ 50 మి.గ్రా., సెఫోటాక్సిమ్ ఉన్న ఎంపిక మీడియంపైకి మార్చాలి. రెండు వారాలకోసారి కొత్త మీడియం, రెండు మూడు విడతలు. కేలస్ చాలావరకు గోధుమ రంగుకు మారి చస్తుంది. దాని మీద అక్కడక్కడ కొత్తగా లేత ఉండలు మొలుస్తాయి. మనకు కావలసింది అవే. ఏ ఉండ ఏ పాత కేలస్ నుంచి వచ్చిందో మొదటి రోజు నుంచే రాసిపెట్టుకోండి. లేదంటే ఒకే మార్పు నుంచి పుట్టిన పది మొక్కలను పది వేర్వేరు మార్పులుగా లెక్కేస్తారు.

మొలకల కోసం 2,4-డి పూర్తిగా ఆపి, లీటరుకు 2 మి.గ్రా. బీఏపీ లేదా కైనెటిన్, 0.2 నుంచి 0.5 మి.గ్రా. ఎన్ఏఏ అనే హార్మోన్లు వాడాలి. రోజుకు 16 గంటల వెలుతురు. మీడియానికి మార్చేముందు కేలస్‌ను ఖాళీ ప్లేటులో ఫిల్టర్ కాగితం మీద ఒకటి రెండు రోజులు ఎండనిస్తే మొలకలు బాగా పెరుగుతాయి. వేళ్లు రావడానికి సగం బలం ఎంఎస్ చాలు. మొత్తం మీద గింజ నుంచి కుండీ దాకా నాలుగైదు నెలలు పడుతుంది.

ఎక్కడ చెడుతుంది? ఎందుకు?

కేలస్ నల్లబడటం ఇండికా రకాల్లో పెద్ద తలనొప్పి. గాయమైన కణాల్లోంచి వచ్చే ఫినాలిక్ పదార్థాలు గాలి తగిలి నల్లబడి, చుట్టూ ఉన్న కణాలనూ చంపుతాయి. త్వరత్వరగా మీడియం మార్చడం, బాక్టీరియా సాంద్రత తగ్గించడం, ముంచే సమయం తగ్గించడం మేలు చేస్తాయి. సాంబ మసూరి లాంటి రకంలో గింజ కేలస్‌తో పని జరగకపోతే పూత తర్వాత 8 నుంచి 12 రోజుల మధ్య లేత పిండాలను తీసి వాడండి. శ్రమ ఎక్కువే. ఏడాది పొడవునా గ్రీన్‌హౌస్‌లో మొక్కలు పూతలో ఉంచాలి. ఫలితం మాత్రం మారుతుంది.

కడిగాక కూడా బాక్టీరియా పొరలా అల్లుకుంటే సెఫోటాక్సిమ్ పాతబడిందేమో చూడండి. మీడియంలో దాని బలం రెండు వారాలకు మించి నిలవదు. యాంటీబయోటిక్‌లను వేడి మీడియంలో పోయడం ఇంకో పొరపాటు. పాత్రను చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాకే కలపాలి.

ఎంపికలో అన్నీ బతికాయంటే సంతోషించకండి. హైగ్రోమైసిన్ మోతాదు మీ రకానికి చాలడం లేదని అర్థం. జన్యువు ఎక్కించని కేలస్‌ను 20, 30, 40, 50 మి.గ్రా. వద్ద పెట్టి, పూర్తిగా చంపే అతితక్కువ మోతాదును ముందే కనుక్కోవాలి. కెనమైసిన్‌తో వరిలో ఎంపిక చేయొద్దు. గడ్డి జాతులు దాన్ని సహజంగానే చాలావరకు తట్టుకుంటాయి.

పాల తెలుపు మొలకలు వస్తే కేలస్ ముదిరిందని అనుమానించాలి. కేలస్ దశ ఎంత సాగితే క్రోమోజోముల్లో అంత గందరగోళం. ఆకుపచ్చగా వచ్చినా తాలు గింజలు, పొట్టి మొక్కలు కనిపించడానికీ ఇదే కారణం. అందుకే ఒకే మార్పుకు చెందిన మొక్కలో లోపం కనిపిస్తే జన్యువుకు అంటగట్టకండి. మూడు నాలుగు స్వతంత్ర మార్పుల్లో అదే లోపం తిరిగి కనిపిస్తేనే జన్యువు పని అనాలి. అదే టిష్యూ కల్చర్ దాటి వచ్చిన, జన్యువు లేని మొక్కలను కూడా పక్కన పెంచాలి. ఈ పోలిక లేని థీసిస్‌లు చాలానే ఉన్నాయి.

జీన్ గన్ ఎప్పుడు వాడాలి?

అగ్రోబాక్టీరియం ఆ రకంలో అసలు పనిచేయనప్పుడు, లేదా డీఎన్‌ఏ బదులు క్యాస్9 ప్రోటీన్‌నే గైడ్ ఆర్ఎన్ఏతో కలిపి నేరుగా పంపాలనుకున్నప్పుడు. 0.6 నుంచి 1 మైక్రాన్ బంగారు రేణువులకు పూసి హీలియం ఒత్తిడితో కొడతారు. డీఎన్ఏ కొడితే ఒక్కోసారి పది కాపీలు కూడా అతుక్కుంటాయి. ముక్కలై అతుక్కున్నవీ ఉంటాయి. వాటిలో చాలావరకు రెండు మూడు తరాలకు మూగబోతాయి.

ప్రమోటర్ ఏది ఎంచుకోవాలి?

ప్రమోటర్ అంటే జన్యువును పనిచేయించే స్విచ్ లాంటి డీఎన్ఏ భాగం. ద్విదళ బీజాల్లో బ్రహ్మాండంగా పనిచేసే 35ఎస్ ప్రమోటర్ గడ్డి జాతుల్లో బలహీనం. మొక్కజొన్న యుబిక్విటిన్ ప్రమోటర్‌ను దాని మొదటి ఇంట్రాన్‌తో సహా తీసుకోండి. గైడ్ ఆర్ఎన్ఏకు వరి యూ3 లేదా యూ6. యూ3తో గైడ్ ‘ఎ’ అక్షరంతోనూ, యూ6తో ‘జి’తోనూ మొదలైతే మంచిది. బాక్టీరియా జన్యువును ఉన్నదున్నట్టు పెట్టొద్దు, గడ్డి జాతుల కోడాన్ (ప్రోటీన్‌ను సూచించే మూడక్షరాల సంకేతం) అలవాటుకు మార్చి రాయించుకోండి.

గైడ్ ఎంపికలో జాగ్రత్తలేమిటి?

క్యాస్9కు 20 అక్షరాల గైడ్ కావాలి, జన్యువులో దాని వెంటనే ఏదో ఒక అక్షరం, ఆపై రెండు ‘జి’లు ఉండాలి. కోత ఆ మూడక్షరాలకు మూడు అక్షరాల ముందు పడుతుంది. జన్యువును నిర్వీర్యం చేయాలంటే మొదటి ఎక్సాన్లలో (ప్రోటీన్ సంకేతం ఉండే భాగాల్లో) గురిపెట్టండి. అయితే ప్రోటీన్ మొదలయ్యే గుర్తు అయిన మొదటి ‘ఏటీజీ’కి మరీ దగ్గరైతే కణం తర్వాతి ఏటీజీ నుంచి ప్రోటీన్ మొదలుపెట్టి తప్పించుకోవచ్చు.

అందరూ వదిలేసేది ఒకటుంది. డేటాబేస్‌లో దొరికే వరి జన్యుక్రమం నిప్పన్‌బరే అనే జపోనికా రకానిది. మీరు ఎంటీయూ 1010 మీద పనిచేస్తుంటే ముందు ఆ మొక్కలోనే ఆ భాగాన్ని సీక్వెన్స్ చేయించండి. గైడ్ చివర ఒక్క అక్షరం తేడా ఉన్నా కోత పడకపోవచ్చు. ఐదు నెలల పని పోవడానికి అదొక్కటి చాలు.

సవరణ జరిగాక క్యాస్9ను ఎలా తీసేయాలి? ఎన్ని మొక్కలు పెంచాలి?

తీసేయడమంటే వేరే ప్రక్రియ ఏమీ లేదు. సవరణ ఒకచోట, క్యాస్9 జన్యువు సాధారణంగా వేరే క్రోమోజోముపై ఉంటాయి. మొక్క స్వపరాగ సంపర్కంతో గింజ కట్టినప్పుడు అవి విడిపోతాయి. క్యాస్9 ఒకేచోట చేరి ఉంటే తర్వాతి తరంలో నాలుగింట ఒక మొక్కకు అది ఉండదు.

లెక్క ఇలా. మొదటి మొక్కలో రెండు ప్రతులూ సవరణ అయి ఉంటే, క్యాస్9 లేని మొక్క ఒక్కటైనా 95 శాతం నమ్మకంతో దొరకడానికి 11 మొక్కలు చాలు. ఒక ప్రతే సవరణ అయితే, సవరణ జంటగా ఉండి క్యాస్9 లేనిది పదహారింట ఒకటి, కాబట్టి 47 మొక్కలు పరీక్షించాలి. గోధుమలో జన్యువులు మూడు జతలు. మూడింట్లోనూ ఒక్కో ప్రతే మారి ఉంటే, మూడూ జంటగా వచ్చి క్యాస్9 పోయినది 256లో ఒకటి. అంటే 766 మొక్కలు. గోధుమలో రెండు తరాలుగా పని పంచుకునేది ఇందుకే.

పరీక్ష ఎలా? గురిపెట్టిన చోటికి ఇరువైపులా 500 నుంచి 700 బేస్‌ల ముక్కను పీసీఆర్ చేసి సీక్వెన్స్ చేయించండి. క్రోమటోగ్రామ్‌లో కోత నుంచి శిఖరాలు ఒకదానిమీద ఒకటి పడుతుంటే రెండు ప్రతులు వేర్వేరుగా ఉన్నట్టు. మొదటి తరం మొక్కలో ఒక పిలకలో ఒక సవరణ, ఇంకో పిలకలో మరొకటి ఉండటం మామూలే. మూడు పిలకల నుంచైనా ఆకు తీసుకోండి, గింజను పిలకల వారీగా కోసుకోండి. క్యాస్9 లేదనడానికి హైగ్రోమైసిన్ జన్యువు కనిపించలేదన్నది చాలదు. టీ-డీఎన్ఏ (అగ్రోబాక్టీరియం చేరవేసే డీఎన్ఏ ముక్క) తెగి సగమే చేరి ఉండవచ్చు. క్యాస్9లో రెండుచోట్ల, మార్కర్‌లో ఒకచోట, ప్లాస్మిడ్ వెన్నెముకలో ఒకచోట ప్రైమర్లు పెట్టి చూడాలి. చివరికి ఎంచుకున్న లైన్లకు మొత్తం జన్యుక్రమం చదివించడం ఉత్తమం. వరి జన్యుపటలం సుమారు 40 కోట్ల అక్షరాలే కాబట్టి ఆ ఖర్చు ఇప్పుడు భరించగలిగేదే.

‘కమల’, ‘పూసా డీఎస్‌టీ రైస్ 1’లో మార్చిందేమిటి?

రెండింటికీ తల్లి రకాలు తెలుగు నేలవే. కమల (డీఆర్ఆర్ ధాన్ 100) సాంబ మసూరి నుంచి హైదరాబాద్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థలో వచ్చింది. పూసా డీఎస్‌టీ రైస్ 1 కాటన్‌దొర సన్నాలు అని మనం పిలిచే ఎంటీయూ 1010 నుంచి ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ (ఐఏఆర్ఐ)లో వచ్చింది.

కమలలో సీకేఎక్స్2 జన్యువు పనిని దెబ్బతీశారు. సైటోకైనిన్ అనే హార్మోనును విరిచే ఎంజైమ్ దీని ఉత్పత్తి. విరిచేది తగ్గితే పొట్టలో ఉన్న లేత కంకి దగ్గర హార్మోను నిల్వ ఉండి, గింజల సంఖ్య పెరుగుతుంది. అధికారిక ప్రకటన ప్రకారం సగటు దిగుబడి హెక్టారుకు 5.37 టన్నులు, సాంబ మసూరికి 4.5 టన్నులు. ఎకరాకు చెబితే సుమారు 21.7, 18.2 క్వింటాళ్లు. పంటకాలం దాదాపు 20 రోజులు తగ్గి 130 రోజులకు వస్తుందని కూడా చెప్పారు. నీళ్లు ఆలస్యంగా వదిలే కాలువ ఆయకట్టుకు, మా దృష్టిలో, దిగుబడి కన్నా ఈ 20 రోజులే విలువైనవి.

డీఎస్‌టీ జన్యువు ఆకు రంధ్రాలు మూసుకోవడాన్ని అడ్డుకునే నియంత్రిక. అది పోతే మొక్క నీటిని పొదుపు చేస్తుంది, ఉప్పును మెరుగ్గా తట్టుకుంటుంది. తీరప్రాంత చౌడులో దిగుబడి 30 శాతం దాకా, లోపలి చౌడు నేలల్లో 10 శాతం దగ్గర పెరిగినట్టు ప్రకటించారు. ముచ్చటైన విషయం ఏమిటంటే డీఎస్‌టీ నడిపించే జన్యువుల్లో సీకేఎక్స్2 కూడా ఒకటి. రెండు సంస్థలు వేర్వేరు తలుపుల గుండా ఒకే గదిలోకి వెళ్లాయన్నమాట.

జన్యుమార్పిడిని వ్యతిరేకించే సంఘాలు ఈ పరీక్షల గణాంకాలను ప్రశ్నించాయి, భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) ఆ ఆరోపణలను తోసిపుచ్చింది. కొత్త రకం వేసేవాళ్లు మొదటి ఏడాది పొలంలో కొంత భాగంలోనే, పక్కన తమ పాత రకంతో పోల్చుకుంటూ వేయడం ఎటుచూసినా మంచిది. ఇవి హైబ్రిడ్‌లు కావు, గింజ దాచి మళ్లీ వేసినా గుణం మారదు.

అనుమతుల సంగతి?

2022 మార్చి 30న కేంద్ర పర్యావరణ శాఖ, బయటి డీఎన్ఏ మిగలని ఎస్‌డీఎన్1 (కోత పెట్టి వదిలేసేది), ఎస్‌డీఎన్2 (నమూనా ఇచ్చి చిన్న మార్పు చేసేది) రకం సవరణలను 1989 నాటి నిబంధనల్లోని 7 నుంచి 11 వరకు మినహాయించింది. అదే ఏడాది మేలో బయోటెక్నాలజీ విభాగం మార్గదర్శకాలు వచ్చాయి. మినహాయింపు అంటే ఎవరికీ చెప్పనక్కర్లేదని కాదు. మీ సంస్థాగత జీవభద్రతా సంఘం ముందు బయటి డీఎన్ఏ లేదని ఆధారాలు పెట్టాలి. తుది మొక్క తేలేదాకా పని నియంత్రిత గదుల్లోనే జరగాలి. కొత్త జన్యువునే చేర్చే ఎస్‌డీఎన్3కి పాత జీఎం దారే: జీఈఏసీ (కేంద్ర జన్యు ఇంజనీరింగ్ మదింపు సంఘం), నియంత్రిత క్షేత్ర పరీక్షలు, రాష్ట్ర ప్రభుత్వ నిరభ్యంతర పత్రం. రకం విడుదల కావాలంటే మిగతా వరి రకాల్లాగే అఖిల భారత పరీక్షలు రెండు దారుల్లోనూ తప్పవు.

‘బీటీ మొక్కజొన్న’ పేరుతో విత్తనం అమ్ముతున్నారు, కొనవచ్చా?

కొనకండి. మన దేశంలో రైతుల పొలాల్లో వాణిజ్యపరంగా సాగవుతున్న అనుమతి పొందిన జీఎం పంట పత్తి ఒక్కటే. జీఎం మొక్కజొన్నకు సాగు అనుమతి లేదు. కత్తెర పురుగు భయాన్ని వాడుకుని అంటగట్టే విత్తనం మామూలుదైతే డబ్బు దండగ, నిజంగా బీటీదైతే చట్ట ఉల్లంఘన. పంట పోయినా పరిహారం అడగడానికి బిల్లు కూడా ఉండదు.

పుప్పొడి ద్వారా జన్యువు పక్క పొలాలకు వెళ్తుందా?

పంటను బట్టి. వరి చాలావరకు తనలో తానే సంపర్కం చేసుకుంటుంది. పుప్పొడి బతికేదే కొద్ది నిమిషాలు. అయినా పొలంలోనే ఉండే కలుపు వరి వేరే సంగతి. అమెరికాలో సంప్రదాయ ఉత్పరివర్తనంతో వచ్చిన, కలుపు మందు తట్టుకునే వరిని ఏటా వేసిన చోట్ల ఆ గుణం కలుపు వరికీ పాకింది. మందు పనికిరాకుండా పోయింది. ఆ వరి జీఎం కాదు. కలుపు మందును తట్టుకునే గుణం ఏ పద్ధతిలో వచ్చినా ముప్పు ఒకటే. అలాంటి బాస్మతి రకాలు మన దగ్గరా 2024లో వచ్చాయి కాబట్టి ఇది గుర్తుంచుకోవాలి. జొన్నకు జాన్సన్ గడ్డి అనే కలుపుతో సంకరమయ్యే గుణం ఉంది. జొన్నలో కలుపు మందు జన్యువు పెట్టాలన్న ఆలోచన అందుకే మంచిది కాదు.

బహువార్షిక గడ్డి పుప్పొడి గాలికి ఎగిరి ఎంత దూరం వెళ్తుందో అమెరికాలోని ఒరెగాన్‌లో తెలిసింది. గోల్ఫ్ మైదానాల కోసం స్కాట్స్, మోన్‌శాంటో కంపెనీలు గ్లైఫోసేట్‌ను తట్టుకునే బెంట్ గడ్డిని తయారుచేశాయి. 2003లో పూతకు వచ్చిన ఆ పొలాల జన్యువు 21 కిలోమీటర్ల దూరాన పెట్టిన పరీక్ష మొక్కల గింజల్లో దొరికింది. 2010లో మరో కౌంటీలో సాగునీటి కాలువల వెంట ఆ గడ్డే మొలిచి కనిపించింది. కాలువ గట్టున గ్లైఫోసేట్ పనిచేయని గడ్డిని వదిలించడం ఎంత కష్టమో రైతులకు చెప్పనక్కర్లేదు.

పశుగ్రాసాల్లో ఏం జరుగుతోంది?

ప్రధానంగా లిగ్నిన్ తగ్గించడం. కాండంలో లిగ్నిన్ తగ్గితే పశువుకు మేత బాగా అరుగుతుంది. జొన్నలో గోధుమ రంగు మధ్య ఈనె ఉండే బీఎంఆర్ రకాలు రసాయన ఉత్పరివర్తనంతో 1970లలోనే వచ్చాయి. ఏ జన్యువు దెబ్బతింటే ఆ గుణం వస్తుందో ఇప్పుడు తెలుసు కాబట్టి మంచి స్థానిక రకంలోనే సవరణతో తెచ్చుకోవచ్చు. చిక్కేమిటంటే లిగ్నిన్ మరీ తగ్గితే గాలివానకు పైరు పడిపోతుంది. లేత జొన్నలోని సైనైడ్ విషానికి మూలమైన ధురిన్‌ను తగ్గించడం రెండో లక్ష్యం. అలాంటి రకం చేతికొచ్చేదాకా పాత జాగ్రత్తే: లేత పైరును, బెట్టకు వాడి వాన పడ్డాక కొత్తగా చిగురించిన పిలకలను పశువులకు వేయకండి.

కొన్ని రకాల్లో ఎంత చేసినా కేలస్ నుంచి మొక్క రావడం లేదు. ఇంకేదైనా మార్గం ఉందా?

మొక్కజొన్నలో బేబీ బూమ్, వుషెల్2 అనే జన్యువులను కలిపి పంపితే మొండి రకాల్లోనూ పిండాలు పుడతాయని 2016లో చూపించారు. అవి చివరిదాకా పనిచేస్తూ ఉంటే వేళ్లు, ఆకులు వంకర తిరిగి మొక్క గొడ్డుబోతుంది. అందుకే పని కాగానే వాటిని కత్తిరించే ఏర్పాటు కూడా అదే కన్‌స్ట్రక్ట్‌లో పెట్టాలి. 2020లో గోధుమలో వచ్చిన జీఆర్ఎఫ్4–జీఐఎఫ్1 జోడీకి ఆ బాధ తక్కువ. దాన్ని ఉంచేసినా మొక్కలు గింజ కడతాయి. మొదటిసారి ప్రయత్నించేవాళ్లకు మేం దీన్నే సూచిస్తాం. వాడేముందు పేటెంట్ షరతులు చూసుకోండి. పరిశోధనకు ఇచ్చిన అనుమతి విత్తన అమ్మకానికి వర్తించదు, క్యాస్9 విషయంలోనూ అంతే.